లూపర్ పెడల్ ఎంపిక: నిమిషాల కన్నా మీట ముఖ్యం

గిటార్ మీద వాయించిన ముక్కను అక్కడికక్కడే పట్టి, ఆపమనేదాకా తిప్పి తిప్పి వినిపించే చిన్న పెట్టె లూపర్ పెడల్. తిరిగే ముక్క మీద ఇంకో ముక్క వేయవచ్చు, దాని మీద మరొకటి. కార్డ్స్ పట్టిన చేయి ఖాళీ అయ్యాక అదే చేయి బేస్ లైన్ వాయిస్తుంది, తర్వాత స్వరం అందుకుంటుంది. ఒక్కరే ముగ్గురి పని చేయగలగడం దీని ఆకర్షణ. తాళం తెలిసినవారికి ఇది కొత్త భావనేమీ కాదు. తిరుగుతున్న ప్రతి లూపూ ఒక ఆవర్తనం. సమం ఎక్కడ పడుతుందో తెలిసిన కాలికి లూపర్ లొంగుతుంది, తెలియని కాలికి ఎంత ఖరీదైన పెడల్ కొన్నా లొంగదు. కొనేటప్పుడు ఎక్కువమంది మొదట అడిగేది ‘ఎన్ని నిమిషాలు రికార్డవుతుంది’ అని. అడగవలసిన ప్రశ్నల్లో అది చివరిది. ఎందుకంటే నిమిషాల కొరత ఒకప్పటి ఇబ్బంది.

ఈ పని మొదట టేప్ మీద జరిగింది. 1963లో పారిస్‌లో టెర్రీ రైలీ రెండు టేప్ రికార్డర్ల మధ్య ఒకే టేపును సాగదీశాడు. మొదటిది రికార్డు చేసేది, కాసేపటికి రెండోది దాన్ని వినిపించేది, ఆ శబ్దం మళ్లీ మొదటిదానికి చేరేది. రెండు యంత్రాల మధ్య దూరమే లూప్ నిడివి. 1973లో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో ఇదే పద్ధతిలో గిటార్‌తో ఒక ఆల్బమే చేశారు. డిజిటల్ రోజులు వచ్చాక యంత్రం చిన్నదైంది కానీ మెమరీ చిప్పులు ఖరీదు. 1980లలో ఎలక్ట్రో-హార్మోనిక్స్ తన డిలే యంత్రానికి ‘16 సెకండ్’ అని పేరే పెట్టిందంటే పదహారు సెకన్లు అప్పట్లో ఎంత గొప్పో తెలుస్తుంది. 1999లో వచ్చిన లైన్ 6 డీఎల్4లో లూప్‌కు దక్కినది 14 సెకన్లు. 2001లో బాస్ కంపెనీ ఆర్‌సీ-20తో అయిదు నిమిషాలు దాటింది. నిమిషాల గొడవ నిజానికి అక్కడితో తీరిపోయింది.

లూపర్‌ను మామూలు శ్రోతకు పరిచయం చేసింది మాత్రం వేదిక. 2004లో స్కాట్లండ్ గాయని కేటీ టన్‌స్టల్ బ్రిటిష్ టీవీ కార్యక్రమంలో అకాయ్ హెడ్‌రష్ పెడల్‌తో ఒంటరిగా ఒక పాట మొత్తం కట్టి చూపింది. ఆ తర్వాత ఎడ్ షీరన్ ఈ పద్ధతిని స్టేడియాలకు తీసుకెళ్లాడు. 2025 ఫిబ్రవరి 2న హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగిన ఆయన కచేరీతో తెలుగు శ్రోతలూ దాన్ని కళ్లారా చూశారు. సాధన గదికి మాత్రం 2012లో టీసీ ఎలక్ట్రానిక్ వదిలిన డిట్టో అసలైన మలుపు. అగ్గిపెట్టెల కట్టంత పెట్టె, ఒకే మీట, ఒకే నాబ్, అయిదు నిమిషాల రికార్డింగ్. అది వచ్చాక లూపర్ గదిలో కూర్చుని సాధన చేసే విద్యార్థికి కూడా అందుబాటు వస్తువైంది. ఇవాళ బజారులో దొరికే చవక లూపర్లలో ఎక్కువభాగం ఆ నమూనాకు అనుకరణలే.

నిడివి ఎంత కావాలో ఒక్కసారి లెక్క వేస్తే సందేహం తీరుతుంది. నిమిషానికి 100 బీట్ల నడకలో నాలుగు బీట్ల బార్లు ఎనిమిది, అంటే మామూలు పల్లవి నిడివి, 19 సెకన్లు చిల్లర. అదే నడకలో పన్నెండు బార్ల బ్లూస్ 29 సెకన్లు. 120 బీట్ల నడకలో ముప్ఫైరెండు బార్లు ఒక నిమిషం నాలుగు సెకన్లు. అయిదు నిమిషాలున్న పెడల్‌లో ఇవన్నీ హాయిగా సరిపోతాయి. పన్నెండు నిమిషాల స్టీరియో ఆడియోకు సీడీ నాణ్యతలో పట్టే స్థలం దాదాపు 127 మెగాబైట్లు, ఈ రోజుల్లో అది కంపెనీకి పెద్ద ఖర్చు కాదు. అందుకే డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న గంటల లెక్క చూసి పొంగిపోనక్కర్లేదు. బాస్ ఆర్‌సీ-5లో 13 గంటలు పడతాయన్న మాట నిజమే. ఆ గంటలు పనికొచ్చేది ఒకే లూప్‌కు కాదు, 99 లూపులు దాచుకునేవారికి.

అసలు సంగతంతా మీట దగ్గర ఉంది. ఒకే మీట ఉన్న పెడల్‌లో పని ఇలా సాగుతుంది. ఒక నొక్కుకు రికార్డు మొదలు, రెండో నొక్కుకు లూప్ మూసుకుని తిరగడం మొదలు, మూడో నొక్కుకు పైపొర, నాలుగో నొక్కుకు పైపొర ఆగి మళ్లీ ఉత్త ప్లే. గబగబా రెండుసార్లు నొక్కితే ఆగుతుంది. నొక్కి పట్టుకుంటే చివరి పొర తొలగిపోతుంది, ఆగి ఉన్నప్పుడు పట్టుకుంటే అంతా చెరిగిపోతుంది. చదివితే సులువుగానే ఉంటుంది. వాయిస్తూ చేసేటప్పుడు రెండో నొక్కు దగ్గరే సగంమంది తప్పుతారు. నాలుగు బార్లు పూర్తయ్యాయి అనుకుని నాలుగో బార్ చివరి స్ట్రమ్‌కు నొక్కేస్తారు, లూప్ కురచైపోతుంది. లేదా ‘అయిపోయింది’ అని నిర్ధారించుకుని నొక్కుతారు, లూప్ చివర చిన్న కుంటు పడుతుంది. నొక్కవలసింది అయిదో బార్ మొదటి బీట్ మీద, సరిగ్గా సమం మీద. పాదం కూడా ఒక వాద్యమే అనుకుని కుడిచేయి స్ట్రమ్ కిందికి దిగే క్షణానికే అదీ దిగాలి. ఇక్కడ పదో వంతు సెకను ఆలస్యమైతే ఆ పొరపాటు ప్రతి తిరుగుడుకూ కూడుతుంది. పక్కన డ్రమ్మర్ గానీ మెట్రోనోమ్ గానీ ఉంటే పది తిరుగుళ్లకు లూప్ పూర్తిగా ఒక సెకను వెనకబడి ఉంటుంది.

అందుకే మీట స్వభావాన్ని కాలితోనే పరీక్షించాలి. నొక్కగానే పనిచేసేవి కొన్ని, వదిలినప్పుడు పనిచేసేవి కొన్ని. వదిలినప్పుడు పనిచేసే మీట మీద సమం పట్టడం చాలా కష్టం. అడుగున ‘టక్’మని గట్టిగా మోగే మీట ఇంట్లో ఇబ్బంది పెట్టదు కానీ మైక్ ముందు అకూస్టిక్ గిటార్ వాయించేవారికి ఆ టక్కు లూప్‌లోనే చేరి ప్రతి ఆవర్తనంలోనూ వినిపిస్తుంది. బాస్ పెడళ్ల వెడల్పాటి పలక లాంటి మీటకు శబ్దం తక్కువ, చెప్పు వేసుకున్న కాలికీ వట్టికాలికీ ఒకేలా అందుతుంది. నేల మీద కూర్చుని వట్టికాళ్లతో సాధన చేసేవారు ఎక్కువగా ఉన్న చోట ఇది చిన్న సౌకర్యం కాదు.

ఒకే మీట పెడళ్లకున్న పెద్ద లోపం ఆపడం. రెండు నొక్కుల్లో మొదటి నొక్కు పడగానే పెడల్ పైపొర రికార్డు చేయడం మొదలుపెడుతుంది, రెండో నొక్కుకు గానీ ఆగదు. ఆ లోపు తీగలు మోగుతుంటే ఆ చప్పుడూ లూప్‌లోకి పోతుంది. పాట చివర అందరూ కలిసి ఒక్క దెబ్బతో ఆపవలసిన చోట, సమం మీద ఒకటికి రెండు నొక్కులు వేయడమంటే ఆపడం కాస్త వెనకబడటమే. సాధనకు ఇది అడ్డు కాదు. వేదిక మీద మాత్రం ఇదే తేడా తెచ్చిపెడుతుంది. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. ఒకటి, ఆపడానికి వేరే మీట ఉన్న పెడల్ కొనడం: డిట్టో ఎక్స్2, ఎలక్ట్రో-హార్మోనిక్స్ 720 ఆ కోవకు చెందినవి. రెండోది, బయటి మీట తగిలించుకునే జాక్ ఉన్న పెడల్ కొనడం: బాస్ ఆర్‌సీ-1, ఆర్‌సీ-5 ఒకే మీటతో వచ్చినా పక్కన మరో ఫుట్‌స్విచ్ కలిపితే ఆపడం, చెరపడం దానికి అప్పగించవచ్చు. మొదటి డిట్టోకు ఆ జాక్ లేదు. ఎప్పటికైనా జనం ముందు వాయించాలన్న కోరిక ఉన్నవారు ఈ ఒక్క విషయం చూసుకుని కొంటే రెండేళ్ల తర్వాత మళ్లీ కొనాల్సిన అవసరం రాదు. ఆర్‌సీ-5లో ఇంకో వెసులుబాటు ఉంది. నొక్కగానే ఠక్కున ఆగాలా, మెల్లగా తగ్గుతూ ఆగాలా, ఆవర్తనం పూర్తయ్యాక ఆగాలా అన్నది ముందే పెట్టుకోవచ్చు.

రికార్డు తర్వాత పెడల్ ఎటు వెళ్తుందన్నది కూడా కొనేటప్పుడు ఎవరూ చూడని విషయం. కొన్ని రికార్డు ముగియగానే ఉత్త ప్లేలోకి పోతాయి, కొన్ని నేరుగా పైపొరలోకి పోతాయి. మొదటి రకంలో పొరపాటున ఏదీ చేరదు, కొత్తవారికి అదే మంచిది. రెండో రకానికి ఒక గొప్ప ఉపయోగం ఉంది. చివరి కార్డ్ మోగుతుండగా లూప్ మూసుకుంటే ఆ మోత కత్తిరించినట్టు తెగి, అతుకు వినపడుతుంది. నేరుగా పైపొరలోకి వెళ్తే ఆ మోత మొదటి బార్ మీదికి పారి అతుకు కనపడకుండా కప్పేస్తుంది. తంబురా లాంటి శ్రుతి లూప్ కట్టుకుని దాని మీద ఆలాపన సాధన చేసేవారికి ఈ రెండో పద్ధతి దాదాపు తప్పనిసరి. ఈ వరుసను మార్చుకునే వీలున్న పెడల్ అన్నిటికన్నా మేలు.

తర్వాత వచ్చేది తాళం సంగతి. కొన్ని లూపర్లలో డ్రమ్ నడకలు ఉంటాయి. ఆర్‌సీ-5లో 57 నడకలు, ఏడు రకాల డ్రమ్ కిట్లు ఉన్నాయి. చైనా కంపెనీ ఎన్‌యూఎక్స్ చేసే లూప్ కోర్ అంతకన్నా చవక, దానిలోనూ 40 నడకలు ఉన్నాయి. మెట్రోనోమ్ ‘టిక్ టిక్’ కన్నా డ్రమ్‌తో సాధన చేస్తే చేయి త్వరగా నిలకడకు వస్తుంది, ఆ మేరకు ఇది మంచి పెట్టుబడి. డ్రమ్ ఉన్న లూపర్లలో చాలావరకు కాలి పొరపాటును కూడా సవరిస్తాయి: నొక్కు కొంచెం ముందుగానో ఆలస్యంగానో పడినా లూప్ నిడివిని దగ్గరి బార్‌కు సర్దుతాయి. వరం లాంటిదే, కానీ బార్‌లో ఎన్ని బీట్లో ముందే చెప్పాలి. నాలుగు బీట్లు పెట్టి ఉన్న పెడల్ మీద మిశ్రచాపు వాయిస్తే ఏడు అక్షరాల ఆవర్తనాన్ని అది ఎనిమిదికి సాగదీస్తుంది. కర్ణాటక పద్ధతిలో గిటార్ గానీ మాండలిన్ గానీ వాయించేవారు, ఖండ, మిశ్ర నడకలు అభ్యసించేవారు అయిదు, ఏడు బీట్ల బార్లు ఉన్న పెడలే తీసుకోవాలి, లేదా ఏ సవరణా చేయని సాదా లూపర్ తీసుకోవాలి. సాదా లూపర్‌కు తాళం తెలియదు, అందుకే ఏ తాళానికీ అది అడ్డు రాదు. తొంగిచూసే మెదడు లేకపోవడం ఇక్కడ సుగుణమే. పాట నేర్చుకునేవారికి ఇంకో సౌకర్యం ఉంది. బాస్ ఆర్‌సీ-5లో శ్రుతి మారకుండా లూప్ వేగం తగ్గించవచ్చు, చేతికి అందని లీడ్‌ను నెమ్మదిగా తిప్పుకుని నేర్చుకోవచ్చు.

ఒకే ట్రాక్ లూపర్‌లో ఎన్ని పొరలు వేసినా అవన్నీ కలిసి ఒకే ముద్ద. పైపొరలు ఉంచి అడుగున ఉన్న బేస్ లైన్ తీసేయడం కుదరదు, చివరి పొరను వెనక్కి తీయడం ఒక్కటే కుదురుతుంది. మన సినిమా పాట ఎలా కట్టి ఉంటుందో చూస్తే దీని పరిమితి తెలుస్తుంది. పల్లవికి ఒక కార్డుల వరుస, చరణానికి ఇంకొకటి, మధ్యలో ఇంటర్‌ల్యూడ్ మరొకటి. ఒకే లూప్‌తో పల్లవి దాటి చరణానికి వెళ్లలేము. ఒక ట్రాక్ తర్వాత ఒకటి మారే లూపర్లు దీనికి కావాలి. బాస్ ఆర్‌సీ-500లో రెండు ట్రాక్‌లు, ఆర్‌సీ-600లో ఆరు. సింగ్యులర్ సౌండ్ వారి ఏరోస్‌లో ఆరు భాగాలు, ఒక్కో భాగంలో ఆరు ట్రాక్‌లు, పైగా టచ్ స్క్రీన్. పాడుతూ వాయించే సోలో కళాకారులకు, బీట్‌బాక్స్ చేసేవారికి ఇవి పనికొచ్చే యంత్రాలు. ఆర్‌సీ-500, 600లకు మైక్ నేరుగా తగిలించవచ్చు కూడా. గిటార్ ఒక్కటే వాయించేవారికి మాత్రం ఇవి బరువు. ఆరు ట్రాక్‌ల మీద ఎక్కడ ఏ పొర ఉందో గుర్తుపెట్టుకుంటూ కాలితో వెతుక్కునేవారి ధ్యాస వాయిద్యం మీద ఉండదు. ట్రాక్‌లు ఎక్కువ ఉంటే సంగీతం ఎక్కువ వస్తుందన్నది అమ్మకాల మాట. ఒక ట్రాక్ మీద ఏడాది పనిచేసిన తర్వాత రెండోది నిజంగా కావాలని అనిపిస్తే అప్పుడు మారడం సరైన క్రమం.

ధ్వని నాణ్యత గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పేరున్న కంపెనీ పెడల్ ఏదైనా ఇప్పుడు సీడీ నాణ్యతకు తగ్గదు. చూడవలసింది రెండు విషయాలు. గిటార్ అసలు ధ్వని డిజిటల్‌లోకి మారకుండా నేరుగా బయటికి వెళ్తుందా, లూప్‌కు విడిగా వాల్యూమ్ నాబ్ ఉందా. డిట్టోలో రెండూ ఉన్నాయి, ఉన్న ఒక్క నాబూ ఆ పనికే. ఈ నాబ్ ఎంత అవసరమో మూడో పొర వేసేటప్పుడు తెలుస్తుంది. రెండు వేర్వేరు పొరలు ఒకే బలంతో కలిస్తే మొత్తం దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగైతే 6. లూప్ లావవుతూ పోయి పైన వాయించే లీడ్ దాని కింద అణిగిపోతుంది. లూప్ నాబ్ కొంచెం తగ్గించి, కార్డ్స్ పలచగా, పై తీగల్లో వాయిస్తే అన్నిటికీ చోటు దొరుకుతుంది.

పెడళ్ల వరుసలో లూపర్ ఎక్కడ ఉండాలన్నది కొన్న వెంటనే ఎదురయ్యే ప్రశ్న. సాధారణ సమాధానం: చివర. డ్రైవ్, డిలే, రివర్బ్ అన్నీ దాటాక లూపర్ ఉంటే, ఒక పొర క్లీన్‌గా, ఇంకో పొర డిస్టార్షన్‌తో వేసుకోవచ్చు. దేని ధ్వని దానికే ఉంటుంది. లూపర్ డిస్టార్షన్‌కు ముందు ఉంటే పొరలన్నీ కలిసి ఒకేసారి డిస్టార్షన్‌లో పడి గుజ్జవుతాయి. ఆంప్‌లోని సొంత డిస్టార్షన్ వాడేవారికి ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో వస్తుంది, ఎంత చివర పెట్టినా పెడల్ ఆంప్ ప్రీఆంప్‌కు ముందే ఉంటుంది కదా. అలాంటప్పుడు ఆంప్ వెనక ఉండే ఎఫెక్ట్స్ లూప్ జాక్‌ల మధ్య పెట్టాలి. వరుసలో మొట్టమొదట పెట్టడంలోనూ ఒక లాభం ఉంది: వట్టి గిటార్ ముక్కను లూప్‌లో తిప్పుతూ, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, మిగతా పెడళ్ల నాబ్‌లు తిప్పి ధ్వని సరిచేసుకోవచ్చు. ధ్వని వెతుక్కునేవారికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు.

కరెంటు విషయంలో తొందరపాటు ఖరీదైనది. చాలా లూపర్లు 9 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, లోపలి పిన్ నెగటివ్. చేతికందిన అడాప్టర్ తగిలిస్తే పోలారిటీ తారుమారై పెడల్ పాడైపోవచ్చు. డిజిటల్ పెడళ్లు డ్రైవ్ పెడళ్ల కన్నా ఎక్కువ కరెంటు తాగుతాయి కాబట్టి పెడల్ మీద రాసి ఉన్న మిల్లీఆంపుల లెక్కకు తగ్గకుండా సప్లై ఉండాలి. ఒకే అడాప్టర్‌కు అయిదారు పెడళ్లు గొలుసుకట్టుగా తగిలిస్తే సన్నటి కీచుమోత వస్తుంది, అప్పుడు లూపర్‌కు విడి సప్లై పెడితే పోతుంది. బ్యాటరీతో నడిచే లూపర్లు తక్కువ. ఆర్‌సీ-1 నడుస్తుంది, డిట్టో నడవదు. మైదానంలోనో మేడమీదో ప్లగ్ దొరకని చోట వాయించేవారు ఇది చూసుకోవాలి.

విడిగా లూపర్ కొనకుండా గడిచే దారి కూడా ఉంది. మల్టీ-ఎఫెక్ట్స్ యూనిట్లలో చాలావాటికి లూపర్ లోపలే ఉంటుంది. జూమ్ జీ1 ఫోర్ లాంటి చవక యూనిట్‌లో 30 సెకన్ల లూప్, డ్రమ్ నడకలు కూడా దొరుకుతాయి. పైన చెప్పిన పల్లవి లెక్కకు అది చాలు. అలాంటి యూనిట్ ఇప్పటికే ఇంట్లో ఉంటే ఆరు నెలలు దానితోనే సాధన చేయడం తెలివైన పని. ఫోన్ యాప్‌లు కూడా ఉన్నాయి కానీ స్క్రీన్ తాకడానికి చేయి తీగల మీది నుంచి తీయాలి, అప్పుడు లూపర్ ప్రయోజనమే పోతుంది. శబ్దం లోపలికి వెళ్లి బయటికి రావడంలో వచ్చే ఆలస్యం కూడా సమాన్ని చెడగొడుతుంది.

రివర్స్, సగం వేగం వంటి విద్యలు ఎక్కువకాలం వాడేవారు తక్కువ. సగం వేగంలో తిప్పితే గిటార్ ఒక స్థాయి కిందికి దిగి బేస్‌లా మోగుతుంది, బేస్ గిటార్ లేనివారికి అది ఉపయోగం. స్టీరియో జాక్‌లు రెండు ఆంప్‌లు వాడేవారికే అవసరం.

ఇక తీర్పు. ఇంట్లో సాధనకు, స్వరాలు కట్టుకోవడానికి డిట్టో తరహా ఒకే మీట పెడల్ చాలు, దాని మీద ఇంకా ఖర్చు పెట్టనక్కర్లేదు. తాళం గట్టిపడాలనుకునే విద్యార్థికి డ్రమ్ నడకలు, బేసి బార్లు, బయటి మీటకు జాక్ ఉన్న ఆర్‌సీ-5 లాంటిది ఎక్కువకాలం పనికొస్తుంది. చర్చిలో, రిసెప్షన్లలో, కేఫ్‌లలో ఒంటరిగా వాయించేవారికి కనీసం రెండు మీటలు ఉండాలి. పల్లవి, చరణం విడివిడిగా తిప్పవలసినవారికి రెండు ట్రాక్‌లు కావాలి, అంతకు మించినవి పాడుతూ వాయించే సోలో కళాకారులకే. ఏది కొన్నా దుకాణంలోనే ఒక పరీక్ష చేయాలి: నాలుగు బార్లు రికార్డు చేసి, సమం మీద మూసి, పది తిరుగుళ్లు విని, సమం మీదే ఆపి చూడాలి. పది తిరుగుళ్లలో కుంటు పడకుండా, ఆపినప్పుడు అదనపు చప్పుడు చేరకుండా వచ్చిన పెడలే ఆ కాలికి తగిన పెడల్.